నీరజాక్షి ఒప్పుకోలేదు

మా జిల్లాలో ఫ్లోరైడు మాయమైన రోజు నాకు బాగా గుర్తుంది. జూన్ పదిహేడు, మంగళవారం, ఉదయం పదకొండున్నర. పదకొండూ ఇరవైతొమ్మిది దాకా ఉంది. ఆ తర్వాత లేదు.

నా పేరు ఇందుమతి. జిల్లా నీటి పరీక్షల ప్రయోగశాలలో సీనియర్ కెమిస్టుని. ఇరవై ఆరేళ్ళుగా నా పని ఒకటే. ఊళ్ళ నుంచి సీసాల్లో నీళ్ళు వస్తాయి. వాటిని పరీక్షించి, వచ్చిన అంకెను అట్టపుస్తకంలో రాసి, సంతకం పెడతాను. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఆ ఊరికి రోజూ ఒక మంచినీళ్ళ ట్యాంకరు పంపాలి. ఆరు నెలలకొకసారి మళ్ళీ పరీక్షించి, అంకె అలాగే ఉంటే ట్యాంకరు కొనసాగుతుంది. దీనికోసం పెద్ద చదువులేం అక్కర్లేదు, కళ్ళూ ఒక పెన్నూ ఉంటే చాలు.

ఆ పుస్తకమే మా కొంప ముంచింది.

రెండేళ్ళ కిందట తనిఖీకి వచ్చిన ఒక పై అధికారి ఏదో ఊరి ఫలితం అడిగారు. పుస్తకం తిరగేసి వెతికేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. పైగా ఆ పేజీ మీద కొబ్బరి చట్నీ మరక ఉంది. ఆయన మరకను చూశారు, గడియారం చూశారు, మమ్మల్ని చూశారు. "ప్రపంచం చంద్రుడి మీద నీళ్ళు వెతుకుతోంది. మీరింకా పుస్తకంలో వెతుకుతున్నారు" అన్నారు. ఆ నాలుగు నిమిషాల ఆలస్యాన్ని నివారించడానికి పద్నాలుగు నెలలు శ్రమించి ఒక సమాచార నిర్వహణ వ్యవస్థను తయారు చేశారు. దానికి నీరజాక్షి అని పేరు పెట్టారు.

నీరజాక్షి వచ్చినప్పుడు మేం చేయాల్సిన మర్యాదలన్నీ చేశాం. ప్రయోగశాల మొత్తానికి ఉన్న ఒక్క ఏసీ గదీ అప్పటిదాకా నీటి నమూనాలకు ఉండేది. ఆ గది ఆమెకిచ్చి, నమూనాలను వరండాలోకి మార్చాం. అట్టపుస్తకాలను కట్టలు కట్టి, ఇక మీదట చేత్తో రాసినది ఏదీ చెల్లదని గోడకు నోటీసు అంటించాం. మా అధికారి, డిప్యూటీ డైరెక్టర్ పానకాలరావు గారు, కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టి, మీటలన్నీ పనిచేస్తున్నాయో లేదోనని కొబ్బరినీళ్ళు చిలకరించిన తర్వాత చూశారు. రెండు పనిచేయలేదు.

ఇక ఆ జూన్ పదిహేడు. మొట్టమొదటి నమూనా రాళ్ళచెలక ఊరి బోరుది. పరీక్షిస్తే నాలుగు పాయింటు ఆరు వచ్చింది. ఆ ఊరికి ఆరేళ్ళుగా అంతే వస్తోంది, ఆరేళ్ళుగా ట్యాంకరు వెళ్తోంది. నీరజాక్షి తెర మీద ఫ్లోరైడు గడిలో 4.6 అని కొట్టాను. గడి ఎర్రబడింది. కింద ఒక వాక్యం వచ్చింది: "చెల్లని విలువ. దయచేసి 0 నుంచి 1.5 వరకు విలువను మాత్రమే నమోదు చేయండి."

మళ్ళీ కొట్టాను. మళ్ళీ దయచేసి అంది.

నీరజాక్షిని కన్న కంపెనీ వాళ్ళు మాకు సాయంగా నిశాంత్ అనే కుర్ర ఇంజినీరును పెట్టారు. మర్యాదస్తుడు, మెడలో కార్డు వేసుకుని తిరుగుతాడు. పిలిచి చూపించాను.

"కరెక్టుగానే పనిచేస్తోంది మేడం" అన్నాడు. "మీ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన డాక్యుమెంటులో క్లియర్‌గా ఉంది. ఫ్లోరైడు ఒకటిన్నర దాటకూడదు అని. అందుకే దాటనివ్వకుండా పెట్టాం."

"దాటకూడదన్నది నీళ్ళకు బాబూ. నాకు కాదు."

"సిస్టమ్‌కి నీళ్ళు తెలీవు కదా మేడం. గడి తెలుసు."

"మరి నీళ్ళలో నాలుగున్నర ఉంటే ఎక్కడ రాయాలి?"

అతను నిజంగానే ఆలోచించాడు. "అలాంటి యూజ్ కేస్ మాకు ఎవరూ చెప్పలేదు మేడం" అన్నాడు.

గడి మార్చాలంటే మార్పు అభ్యర్థన పెట్టాలట. దాన్ని రాష్ట్ర స్థాయి కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుని పరిశీలిస్తుందట. అభ్యర్థనకు ఆధారంగా, ఒకటిన్నర దాటిన కేసులు జిల్లాలో ఎన్ని నమోదయ్యాయో నీరజాక్షి నుంచే లెక్క తీసి జతచేయాలట. నిశాంత్ అక్కడికక్కడే లెక్క తీశాడు. సున్నా వచ్చింది.

"చూశారా మేడం, మీ జిల్లాలో ఒక్క కేసు కూడా లేదు" అన్నాడు, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు. టైము చూశాను, పదకొండున్నర అయింది.

అంకె ఎక్కకపోతే నమూనా ఊరికే పడి ఉండదు. నీరజాక్షి దాన్ని "పెండింగ్" అని ఎర్రగా చూపిస్తుంది. వారం తిరిగేసరికి మా జిల్లా పటం చికెన్‌పాక్స్ వచ్చిన పిల్లాడి వీపులా తయారైంది. శుక్రవారం వీడియో సమావేశంలో రాష్ట్రం మొత్తం ముందు పానకాలరావు గారిని నిలబెట్టి అడిగారు. ఆయనకు ప్రమోషన్ ఏడాదిలో ఉంది. సమావేశం అయ్యాక నన్ను గదికి పిలిచారు.

"ఇందుమతి గారూ, మీరొకటి గ్రహించాలి" అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడినా ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది. "ఫలితం బాగా రాకపోవడం భూగర్భ వైఫల్యం. ఫలితమే రాకపోవడం ప్రయోగశాల వైఫల్యం. మొదటిదానికి మనం ఏ విధంగానూ బాధ్యులం కాము. రెండోదానికి నేను వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి."

"సార్, ఫలితం వచ్చింది. నీరజాక్షి ఒప్పుకోవడం లేదు."

"ఒప్పుకునే ఫలితం వచ్చేవరకూ పునఃపరీక్ష నిర్వహించండి."

నిర్వహించాను. రాళ్ళచెలక నీళ్ళను పదకొండుసార్లు పరీక్షించాను. 4.6, 4.5, 4.7, మళ్ళీ 4.6. మీటరుకు సిగ్గూ ఎగ్గూ లేదు, ప్రమోషన్ కూడా లేదు. ఆ సంగతి చెబితే పానకాలరావు గారు ఒక రోజంతా తలుపేసుకుని కూర్చుని, సాయంత్రానికి ఒక సర్క్యులర్‌తో బయటకు వచ్చారు. దాని శీర్షిక "నమూనా అనుకూలీకరణ విధానం." రెండో పేరా ఇది: "నీటి నమూనాలో నీటి భాగము తగినంత లేనందున వ్యవస్థ స్వీకరించని పక్షమున, సదరు నమూనాకు తగు మోతాదులో డిస్టిల్డ్ వాటరు చేర్చి, స్వీకారయోగ్యమగు వరకు అనుకూలపరచవలెను."

నీళ్ళలో నీళ్ళు తక్కువయ్యాయని ప్రభుత్వ కాగితం మీద చదవడం నా సర్వీసులో అదే మొదటిసారి.

నేను ఆ పని చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంది, కానీ చేశాను. నాకూ ఇంక్రిమెంటు ఉంది, చార్జి మెమో అంటే భయం ఉంది. రాళ్ళచెలక నీళ్ళు ఒక వంతుకు డిస్టిల్డ్ వాటరు రెండు వంతులు కలిపితే 1.53 వచ్చింది. నీరజాక్షి ఒప్పుకోలేదు. ఆమెది చాలా కచ్చితమైన స్వభావం. ఇంకో చెంచాడు పోశాను. 1.5. గడి ఆకుపచ్చగా మారి, "ధన్యవాదాలు" అంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు కట్టలోంచి ఒక అట్టపుస్తకం లాగి, 4.6 అని చేత్తో రాసి, తేదీ వేసి, మళ్ళీ కట్టలో దోపేశాను. ఎందుకు రాశావంటే చెప్పలేను, ఇరవై ఆరేళ్ళ అలవాటు.

నెల తిరగకుండానే జిల్లా మొత్తం పచ్చబడింది. వీడియో సమావేశంలో మిగతా జిల్లాల వాళ్ళు మా అనుకూలీకరణ విధానం కాపీ పంపమని అడిగారు.

ఆగస్టు మొదటి వారంలో ఒకామె వరండాలో సీసాల పక్కన కూలబడి కనిపించింది. అరవై ఏళ్ళుంటాయి. మోకాళ్ళు వంగవు, అందుకని కాళ్ళు రెండూ బార్లా చాపి కూర్చుంది. పక్కన ఆరేళ్ళ పిల్ల ఉంది. ఆవిడ రాళ్ళచెలక వార్డు మెంబరు వెంగమ్మ. ఆ పిల్ల ఆమె మనవరాలు.

"నీళ్ళు చూసే మేడం నువ్వేనంట గదమ్మా" అంది. "మా ఊరికి ట్యాంకరు ఆగిపొయ్యింది. పది దినాలయింది. అడిగితే, మీ బోరు నీళ్ళు మంచియి అయినయ్ అని కాగితం వొచ్చిందన్నారు. ఎప్పుడు మంచియి అయినయ్యమ్మా? మాకొక మాట చెప్పకుండా ఎట్టా అయినయ్?"

లోపలికి వచ్చి కూర్చోమన్నాను. ఆమె లేవలేదు, మనవరాలిని లేపి నిలబెట్టింది.

"నా కాళ్ళు చూడు. మా ఈడోళ్ళందరియి ఇంతే, ఆ నీళ్ళు తాగి ఎండు కొయ్యల మాదిరి అయిపొయినయ్. ఇది పుట్టిన ఏడు ట్యాంకరు మొదలయింది. దీని కాళ్ళు చూడు, ఎంత సాపుగా ఉండయ్యో. పళ్ళు చూపీవే మేడానికి." పిల్ల పళ్ళు చూపించింది. ముందువి రెండూ ఊడి ఉన్నాయి, మిగతావి మచ్చ లేకుండా తెల్లగా ఉన్నాయి. "ఇప్పుడు వొచ్చేయి ఇంక అవే గదా, పెద్ద పళ్ళు. ఈ వయసులో బోరు నీళ్ళు పోస్తే నాయట్టనే అవుద్ది. నాకేం కావాలమ్మా, కాగితం మార్చి రాయి. అంతే."

కాగితం మార్చి రాసింది నేనేనని ఆమెకు తెలియదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని పానకాలరావు గారి గదికి వెళ్ళాను.

ఆయన లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టారు. "అమ్మా, ముందుగా మీ గ్రామానికి శుభాభినందనలు. మీది ఇప్పుడు ఫ్లోరైడు విముక్త గ్రామం."

"విముక్తి అంటే ఏంది సార్?"

"అంటే వదిలిపోయింది."

"మమ్మల్ని వొదిలిపొయ్యింది ట్యాంకరు సార్. మీరు చెప్పేది ఇంకా బోరులోనే ఉండాది."

"అమ్మా, వ్యవస్థలో నమోదైన విలువను మౌఖిక ఆరోపణలతో సవాలు చేయజాలరు. మీకు సందేహముంటే నీరజాక్షిలో ఫిర్యాదు నమోదు చేయవచ్చును."

చేశాం. ఫిర్యాదు గడిలో "మీ ఊరి నీటిలో ఫ్లోరైడు ఎంత ఉందని మీరు భావిస్తున్నారు?" అని అడిగింది. వెంగమ్మ "నాలుగున్నర అని కొట్టమ్మా" అంది. కొట్టాను. గడి ఎర్రబడింది. వెంగమ్మ తెరను చాలాసేపు చూసి, "ఈమె మా కోడలి కంటే మొండిది" అంది.

ఇల్లలకగానే పండగ కాదంటారు. మా దగ్గర ఇల్లు అలకకుండానే పండగ వచ్చింది. అర్ధ సంవత్సరంలో అత్యధిక పురోగతి సాధించిన గ్రామం ఏదని రాష్ట్ర కార్యాలయం నీరజాక్షిని అడిగితే, 4.6 నుంచి 1.5కు దిగిన రాళ్ళచెలక పేరు చెప్పింది. పాత అంకె ఆమెకెలా తెలుసంటే, పాత పుస్తకాల్లోని అంకెలను వేరే గడిలోకి ఎక్కించారు, ఆ గడికి హద్దు పెట్టడం మరిచిపోయారు. ఆ ఊళ్ళో విజయ ఫలకాన్ని ఆవిష్కరించడానికి ప్రత్యేక కార్యదర్శి గారు స్వయంగా వస్తారని కబురు వచ్చింది.

పానకాలరావు గారు వారం రోజులు నేల మీద నడవలేదు. పందిరి, స్వాగత తోరణం, ఫలకం మీద అక్షరాల సైజు, అన్నీ ఆయనే చూసుకున్నారు. కార్యక్రమానికి రెండు రోజుల ముందు నన్ను పిలిచి, ఒక పాత పసుపుపచ్చ కాగితం ముందుకు తోశారు. ముఖ్య అతిథులు వచ్చే ఊళ్ళో తాగునీటిని ముందుగా పరీక్షించి, కెమిస్టు చేతిరాతతో నివేదిక ఇవ్వాలని ఎప్పటిదో నిబంధన.

"సార్, ఆ ఊరి నీళ్ళు ఆల్రెడీ పరీక్షించాం కదా" అన్నాను. "1.5. ప్రింటు తీసిమ్మంటారా?"

ఆయన లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేశారు.

"ఇందుమతి గారూ, అది రాష్ట్రానికి. ఇది సార్ తాగడానికి. దయచేసి అసలుది చేయండి."

అసలుది చేశాను. కట్టలోంచి అట్టపుస్తకం తీసి, ఉతికిన తుండుతో తుడిచి, "4.6, తాగుటకు పనికిరావు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఇరవై ఆరేళ్ళలో అంత ముచ్చటగా ఎప్పుడూ రాయలేదు. పానకాలరావు గారు ఆకుపచ్చ సిరాతో "చూశాను, ఏకీభవిస్తున్నాను" అని రాసి సంతకం చేశారు. క్షణం కూడా తటపటాయించలేదు. దాని మీద గంటలో ఉత్తర్వు వచ్చింది. ఆ గ్రామంలోని నీరు హానికరమైనందున, కార్యక్రమం ప్రారంభమైనది మొదలు ముగియు వరకు అతిథులకూ హాజరగు ప్రజలకూ ప్రతిదినం ఒక మంచినీళ్ళ ట్యాంకరు సరఫరా చేయవలెను.

ఉత్తర్వును నీరజాక్షిలోకి ఎక్కించాను. ఇలాంటి వాటికి ఆమె దగ్గర వేరే పేజీ ఉంది. కార్యక్రమం "జరుగుతున్నది" అని ఉన్నంతకాలం రోజూ తెల్లవారుజామున ట్యాంకరు వాళ్ళకు దానంతటదే ఆదేశం వెళ్తుంది. "ముగిసినది" అని మారాలంటే నాలుగు ఫొటోలు ఎక్కాలి. దీపం వెలిగించిన ఫొటో, ఫలకం ఆవిష్కరించిన ఫొటో, ముఖ్య అతిథి ప్రసంగించిన ఫొటో, చివరగా గ్రామ ప్రతినిధి మైకు ముందు నిలబడి కృతజ్ఞతలు చెప్పిన ఫొటో. ఆ ప్రతినిధి పేరు ముందే ఇవ్వాలి, ఆధార్ కార్డులోని ముఖంతో సరిచూసుకుంటుంది. లబ్ధిదారుల నోటి నుంచే కృతజ్ఞత రావాలని పానకాలరావు గారు పట్టుబట్టి, సర్పంచి పేరు కొట్టేసి వెంగమ్మ పేరు పెట్టించారు. ఆ గడిని ఒకసారి నింపితే మార్చడానికి వీల్లేదు, కమిటీకి వెళ్ళాలి.

మర్నాడు వెంగమ్మ ప్రతినిధిగా వేలిముద్ర వేయడానికి వచ్చింది. ఊరికి ట్యాంకరు వస్తోందని ఆమెకు అప్పటికే తెలిసింది.

"ఎన్ని దినాలు వొస్తదమ్మా?"

"కార్యక్రమం అయిపోయేదాకా."

"అయిపొయ్యిందని ఈ మొండిదానికి ఎట్టా తెలుస్తది?"

"నువ్వు మైకు ముందు నిలబడి కృతజ్ఞతలు చెప్పిన ఫొటో ఎక్కితే తెలుస్తుంది."

"నేనే చెప్పాల్నా? ఇంకోళ్ళు చెప్తే?"

"ఒప్పుకోదు."

"ఒప్పుకోదా" అంది వెంగమ్మ. ఒక్క నిమిషం నా మొహంలోకి చూసింది. నేను కంప్యూటరు వైపు చూశాను. ఆమె వేలి సిరా చీర చెంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

కార్యక్రమం దివ్యంగా జరిగింది. పొద్దున్నే ట్యాంకరు వచ్చింది, ఊరంతా బిందెలు నింపుకుంది. కార్యదర్శి గారు దీపం వెలిగించారు. ఫలకం మీది తెర తీశారు. నీళ్ళూ, సమాచారమూ రెండూ పారదర్శకంగా ఉండాలని ముప్పావు గంట మాట్లాడి, మధ్యలో సీలు వేసిన సీసా తెరిచి రెండుసార్లు గొంతు తడుపుకున్నారు. ఆ తర్వాత పానకాలరావు గారు మైకు అందుకుని, "ఇప్పుడు వందన సమర్పణ, శ్రీమతి వెంగమ్మ గారు" అని పిలిచారు.

వెంగమ్మ ముందు వరసలో కుర్చీలోంచి కదల్లేదు. గొంతు మీద చెయ్యి పెట్టి చూపించింది. పానకాలరావు గారు మైకు పట్టుకుని కిందికి దిగి వచ్చారు. ఆయన ఒక అడుగు ముందుకేస్తే ఆమె మొహం చీర కొంగుతో అంత మేర కప్పుకుంది.

"గొంతు పట్టిందయ్యా. రేపు చెప్తాలే. ఇంత మేలు చేసినోళ్ళకి బొంగురు గొంతుతో చెప్తే మర్యాదగా ఉండదు" అంది.

కార్యదర్శి గారికి వేరే జిల్లాలో ఇంకో ఫలకం ఉంది. ఆయన వెళ్ళిపోయారు. నీరజాక్షి మాత్రం వెళ్ళలేదు. ఆమె తెర మీద రాళ్ళచెలక కార్యక్రమం జరుగుతున్నది అని పచ్చగా వెలుగుతూనే ఉంది.

మర్నాడు పానకాలరావు గారు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వెళ్ళారు. అమావాస్య అని వెంగమ్మ రాలేదు. ఆ మర్నాడు మేనకోడలి ఓణీల పండక్కి వెళ్ళింది. మూడో రోజు ఇంట్లోనే దొరికింది కానీ, మైకుకు కరెంటు లేదు. కరెంటు ఎందుకు లేదని ఊళ్ళో అడిగితే ఎవరూ చెప్పలేదు. వారం తర్వాత ఆయన తెగించి, ఆమె చేను గట్టు మీద నిలబడి పొద్దుకు దణ్ణం పెట్టుకుంటుంటే దూరం నుంచి ఫొటో తీయించారు. చంకలో కొడవలి ఉంది. "వేదికపై ఆయుధం. భద్రతా కారణాల వల్ల తిరస్కరించడమైనది" అంది నీరజాక్షి. పైగా పానకాలరావు గారినే సంజాయిషీ అడిగింది.

ట్యాంకరును ఊరికే ఆపేద్దామని కూడా ఆయన చూశారు. కార్యక్రమం జరుగుతుండగా అతిథులకు నీళ్ళు ఆపడం ప్రోటోకాల్ ఉల్లంఘన అని తెర నిండా ఎర్రగా వచ్చింది. దాని కింద ఆయన పేరు, హోదా ఉన్నాయి. ఆయన వెంటనే వెనక్కి మీట నొక్కారు.

చివరికి నిశాంత్‌ను పిలిపించారు.

"కరెక్టుగానే పనిచేస్తోంది సార్" అన్నాడు నిశాంత్. "మీ ప్రోటోకాల్ డాక్యుమెంటులో క్లియర్‌గా ఉంది. వందన సమర్పణ లేనిదే సభ ముగియదు అని."

"ఆవిడ కృతజ్ఞతలు చెప్పకపోతే ఏం చేయాలయ్యా?"

"అలాంటి యూజ్ కేస్ ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు. "మార్పు అభ్యర్థన పెట్టండి. ఇంతవరకు కృతజ్ఞతలు లేకుండా ముగిసిన కార్యక్రమాలు ఎన్ని ఉన్నాయో లెక్క జతచేయండి." లెక్క తీశాడు. సున్నా వచ్చింది. ఆ రోజు పానకాలరావు గారికి నేను స్వయంగా టీ తెప్పించాను. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన మనిషి, ఆ మాత్రం జాలి ఉంటుంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళు వెంగమ్మను చూసి ఉండరు.

ఇప్పటికి ఎనిమిది నెలలు. రాళ్ళచెలకలో సభ ఇంకా జరుగుతోంది. పందిరి గుడ్డ గాలికి చిరిగిపోయి, కర్రలే మిగిలాయి. స్వాగత తోరణం మీద కాకులు గూడు పెట్టాయి. రోజూ పొద్దున ఆరున్నరకు ట్యాంకరు ఆ తోరణం కిందనుంచే ఊళ్ళోకి వెళ్తుంది. జిల్లాలో ఇంకో పదకొండు ఊళ్ళు తమకూ ఒక విజయ ఫలకం కావాలని, ముఖ్య అతిథి ఎవరైనా పర్వాలేదని అర్జీలు పెట్టుకున్నాయి. అన్నీ పచ్చటి ఊళ్ళే, కాదనడానికి ఏ కారణమూ లేదు. ఒక్కొక్క ఊరికీ నేను అసలు పరీక్ష చేసి, అట్టపుస్తకంలో రాస్తున్నాను. పానకాలరావు గారు ఒక్కొక్కదాని మీదా ఏకీభవిస్తున్నారు. ఆయన ప్రతి సోమవారం రాళ్ళచెలక వెళ్ళి కృతజ్ఞతల కోసం అరుగు మీద కూర్చుని వస్తారు. ఈ మధ్య అక్కడ మజ్జిగ కూడా ఇస్తున్నారట.

మొన్న బుధవారం వెంగమ్మ మనవరాలిని తీసుకుని ప్రయోగశాలకు వచ్చింది. పిల్లకు ముందు పళ్ళు రెండూ వచ్చాయి. పెద్దవి, తెల్లగా, ఒక మచ్చ లేదు. చూపించమని నేను అడగకముందే చూపించింది. తర్వాత వెంగమ్మ అటూ ఇటూ చూసి, ఏసీ గది తలుపు మూసి ఉందో లేదో కనుక్కుని, నా భుజం పట్టుకుని వంగదీసి, చెవిలో ఒక్క మాట చెప్పింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ మాట ఏమిటో ఇక్కడ రాయను. నీరజాక్షి చదివిందంటే రేపటి నుంచి ట్యాంకరు ఆగిపోతుంది.